తేలుపెట్టెలో తెల్లని నల్లులు

ప్రశ్న: గాజుపెట్టెలో ఎంపరర్ తేలును పెంచుచున్నాము. కొబ్బరిపొట్టుపై తెల్లని నల్లులు పాకుచున్నవి. కొన్ని తేలు కీళ్ళను అంటియున్నవి. పురుగుమందు చల్లవచ్చునా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చల్లకుడు. తేలును నల్లియు సాలీడు వర్గమునకే చెందినవగుటచేత, నల్లిని చంపు మందు మీ తేలునకును ప్రాణాంతకము కాగలదు.

పశ్చిమాఫ్రికా అడవులలో పుట్టిన ఈ తేలునకు తేమ జీవాధారము. అయితే ఆ తేమయందే, అది తినగా మిగిలిన కీచురాళ్ళ శకలములు క్రుళ్ళగా, వానిని ఆశ్రయించి నల్లులు అపారముగా వృద్ధిపొందును. ఇవి చాలవరకు ఎంగిలి తిని బ్రదుకునవే కాని తేలును పీల్చునవి కావు. ఐనను పొట్టక్రింది శ్వాసరంధ్రములను, నోటిని క్రమ్మినచో అపాయము.

ముందుగా పొడవైన పట్టకారుతో, చేతితో ఎన్నడును కాదు, తేలును తడికాగితము పఱచిన గాలిరంధ్రముల డబ్బాలోనికి మార్చి, కీళ్ళయందలి నల్లులను పొడవుపిడి గల మెత్తని తడికుంచెతో తుడువుడు. పాత పొట్టునంతయు పారవేసి, పెట్టెను సబ్బు వాడక వేడినీట కడిగి ఆరనిచ్చి, చెక్కలను నీట మరిగించి, అడుగున తేమయు పైన పొడియు ఉండునట్లు క్రొత్త పొట్టు పఱచుడు. గాలి చక్కగా ఆడవలయును. మిగిలిన ఆహారమును మఱునాటికే తీసివేయుడు. నా మతమున సగము చికిత్స ఇదియే. పెట్టెను బొత్తిగా ఎండగట్టుడని కొందఱు చెప్పుదురు కాని, దీర్ఘకాలమట్లుంచినచో తేలే కృశించును. నల్లులు మరల వచ్చినచో, వానిని వేటాడి తిను హైపోయాస్పిస్ అను నల్లులను విడువవచ్చును.

ఇంత చేసినను అవి శ్వాసరంధ్రములను వీడకున్నను, తేలు కదలక పడియున్నను, ఇట్టి ప్రాణులనెఱిగిన పశువైద్యునకు వెంటనే చూపుడు. తేలు మిమ్ము కుట్టగా ఊపిరాడకున్నను, ముఖము వాచినను, తడయక వైద్యశాలకు పొండు.