కుక్కను ఏమనేవారు?

జర్మనీ పల్లెటూరు ఎలా ఉంటుందో తెలుసా? సివిల్ స్టూడెంట్‌ని కాబట్టి నేను ముందు ఇళ్ల సంగతే చూశాను.

ఉత్తర జర్మనీలో ఎల్బే నదికి దగ్గర్లో వెండ్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ లూబెల్న్, జ్యూటెన్ లాంటి చిన్న రైతుల ఊళ్లను ‘రుండ్‌లింగ్’ అంటారు, అంటే గుండ్రటి ఊళ్లన్నమాట. మధ్యలో ఖాళీ స్థలం, చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో ఇళ్లు, అన్నీ ఆ స్థలం వైపే చూస్తూ. కర్ర దూలాల చట్రం కట్టి, మధ్య ఖాళీలను మట్టితోనో ఇటుకలతోనో పూడ్చేవారు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద, అటక మీద గడ్డి. బండి నేరుగా లోపలికి వచ్చేంత పెద్ద తలుపు. దాని పైదూలం మీద ఇల్లు కట్టించుకున్న దంపతుల పేర్లు, సంవత్సరం చెక్కి ఉంటాయి.

చెక్కింది జర్మన్‌లో. కానీ ఈ ఊళ్ల పూర్వీకులు మాట్లాడింది పొలాబియన్, పోలిష్‌కూ చెక్‌కూ చుట్టమైన భాష. పిల్లలు నవ్వుతారని ముసలివాళ్లు వాళ్ల ముందు ఆ భాష మాట్లాడడానికే జంకేవారని, దగ్గర్లోని వుస్ట్రో పాస్టర్ క్రిస్టియన్ హెన్నిగ్ రాశాడు. ఇది సుమారు 300 ఏళ్ల కిందటి మాట.

జ్యూటెన్‌లో యోహాన్ పారుమ్ షుల్ట్‌సే (1677–1740) అనే రైతు ఉండేవాడు. తానూ, ఊళ్లో ఇంకో ముగ్గురూ పోతే కుక్కను తమ భాషలో ఏమంటారో సరిగ్గా చెప్పేవాళ్లే ఉండరని 1725 ప్రాంతంలో రాసుకున్నాడు. బాధపడి ఊరుకోలేదు, తెలిసిన మాటల్ని జర్మన్ అర్థాలతో రాసిపెట్టాడు. ఆ శతాబ్దంలోనే భాష పోయింది. ఇవాళ పండితులకు ఆధారం ఇలాంటి కొద్దిమంది రాతలే.

ఇళ్లను మాత్రం బాగుచేసుకుంటున్నారు, లూబెల్న్‌లో మ్యూజియం కూడా ఉంది. పుచ్చిన దూలం తీసి కొత్తది వేయొచ్చు. ఎవరూ రాసుకోని మాటను మళ్లీ ఎక్కడి నుంచి తెస్తాం?

తెలుగు కోట్లమంది భాష, దానికి ఆ గతి పట్టిందని నేననడం లేదు. కానీ మేడి, కర్రు, కాడి అంటే మనలో ఎంతమందికి తెలుసు? ట్రాక్టర్ వచ్చింది, నాగలితో పాటు దాని మాటలూ మూలపడ్డాయి. ఈసారి సెలవులకు ఊరెళితే పెద్దవాళ్లను అడిగి ఓ పది మాటలు రాసుకురండి. మాట, దాని అర్థం, ఏ ఊళ్లో అంటారు, ఈ మూడూ చాలు. షుల్ట్‌సే కవి కాదు, పండితుడూ కాదు. చేసింది ఇంతే.