జనాభా లెక్కల డ్యూటీ, వయసు గడి

చి. పద్మకు ఆశీస్సులు.

జనాభా లెక్కల్లో ఇల్లిల్లూ తిరిగే ఎన్యూమరేటరు పని ఎవరూ దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకునేది కాదు. 1948 నాటి జనగణన చట్టం కింద ప్రభుత్వం అప్పగించే తాత్కాలిక బాధ్యత అది. ఎక్కువగా టీచర్ల నెత్తినే పడుతుంది. చదువుతో సంబంధం లేని పనులు టీచర్లకు చెప్పకూడదన్న 2009 విద్యాహక్కు చట్టం కూడా జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు అనే మూడింటిని మినహాయించింది. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఈ డ్యూటీ ఆర్డరు కాపీ అందగానే డాక్టరు సర్టిఫికెట్ కోసం తిరుగుతోందన్న కబురు వాళ్ల నాన్న ఫోన్‌లో చెప్పవలసి రావడం అందుకే బాగాలేదు. నిజంగా ఒంట్లో బాగాలేకపోతే మాట వేరు. అప్పుడు ఉత్తరం రాదు, పెదనాన్నే బస్సెక్కి వస్తాడు.

పని రెండు విడతలుగా సాగుతుంది. మొదటిది ఇళ్ల జాబితా: గోడ దేనితో కట్టారు, పైకప్పు ఏమిటి, నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, వంట దేనిమీద. రెండోది మనుషుల లెక్క. 2021లో జరగవలసిన గణన కోవిడ్ వల్ల ఆగిపోయి, ఇప్పుడు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరుగుతోంది. కాగితాల కట్టలకు బదులు ఫోన్‌లో యాప్ వచ్చింది. స్వతంత్రం వచ్చాక జనగణనలో అన్ని కులాలనూ నమోదు చేయడం కూడా ఇదే మొదటిసారి. ఒక ఎన్యూమరేటరుకు ఒక బ్లాకు ఇస్తారు. 2011లో బ్లాకంటే ఇంచుమించు 120 నుంచి 150 కుటుంబాలు.

ఇందులోని ఇబ్బందులు దాచవలసినవి కావు. బడి పని తగ్గదు, ఈ పని అదనంగా వచ్చి చేరుతుంది. తాళం వేసిన ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. కూలిపనికి వెళ్లినవాళ్లు దీపాలు పెట్టే వేళకు గాని దొరకరు. అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. పల్లెలో కుక్కలు, రేషన్ కార్డు తీసేస్తారేమోనన్న అనుమానాలు. ఇచ్చే గౌరవ వేతనం పడ్డ శ్రమకు సరిపోదు, పైగా ఆలస్యంగా చేతికొస్తుంది. సాయంత్రం ఇళ్లకు ఆడపిల్ల ఒంటరిగా వెళ్లకుండా ఆ వీధి అంగన్‌వాడీ ఆవిడనో, ఆశా కార్యకర్తనో తోడు తీసుకోవడం మంచిది. పెద్దమ్మ ఇప్పటికే ఒక గొడుగు కొని పక్కన పెట్టింది.

మంచి మాత్రం తక్కువా? బడికి రాని పిల్ల ఏ ఇంట్లో ఏ చంటివాణ్ణి ఎత్తుకుని కూర్చుందో టీచరుకు గడపలోకి వెళ్తేనే తెలుస్తుంది. పిల్లల తల్లిదండ్రులు అరుగు మీద చాప వేసి మాట్లాడతారు. ఊరి కొసన ఉన్న వీధులు కొత్త టీచరుకు పరిచయం కావడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. చట్టం కూడా అండగా ఉంటుంది. అడిగిన ప్రశ్నకు తెలిసినంతవరకు జవాబు చెప్పడం జనం విధి. రాసుకున్న వివరాలు రహస్యం, వాటిని కోర్టులో సాక్ష్యంగా చూపడానికి వీల్లేదు. అనుమానపడే ఇంట్లో ఈ సంగతి ముందే చెబితే సగం పని అయిపోతుంది. భర్త పేరు పలకడం ఆచారం కాదనే ఆడమనిషిని చెప్పి తీరమనే హక్కు మాత్రం ఎన్యూమరేటరుకు లేదు. ఆ మినహాయింపు చట్టంలోనే ఉంది.

ఇక వయసు గడి. మిగతా ప్రశ్నలన్నీ కలిపినా దీనంత జాగ్రత్త అక్కర్లేదు. లెక్కకు కావలసింది నిండిన ఏళ్లు. మన ఇళ్లలో చెప్పేది మాత్రం నడుస్తున్న ఏడు. 1981 ఫిబ్రవరిలో దివిసీమ ఊళ్లలో తిరిగిన ఒక కుర్ర టీచరుకు (ఆ కుర్రవాడి జుట్టు అప్పట్లో ఎంత నల్లగా ఉండేదో పెద్దమ్మను అడిగితే చెబుతుంది) ఒక ముసలమ్మ తన మనవడికి నాలుగేళ్లని చెప్పింది. ఎప్పుడు పుట్టాడంటే, ఉప్పెన తర్వాత వచ్చిన సంక్రాంతికట. ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. అంటే వాడికి నిండినవి మూడే. ఆవిడ అంతటితో ఆగకుండా ఉప్పెనలో పోయిన గేదెల గురించి, కొట్టుకుపోయిన ఇంటి దూలం గురించి చెప్పుకుపోయింది. మధ్యలో లేవబుద్ధి కాలేదు. మజ్జిగ కూడా ఇచ్చింది.

మూడో నాలుగో అయితే ఏమిటని అనిపించవచ్చు. ఏడో ఏడు నడుస్తున్న పిల్ల దగ్గరికి వచ్చేసరికి అది చిన్న విషయం కాదు. ఏడు నిండినవాళ్లనే అక్షరాస్యత లెక్కలోకి తీసుకుంటారు. ఆడపిల్లల సంఖ్య తగ్గుతోందా అన్నది చూసేది సున్నా నుంచి ఆరేళ్ల గుంపులో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 2001లో 961 ఉంటే 2011లో 939కి పడిపోయారు. ఇలాంటి అంకెలన్నీ వయసు గడి మీదే నిలబడతాయి.

పెద్దవాళ్లది మరో తంటా. ముప్పై, నలభై, యాభై, అరవై అని సున్నాతో ముగిసే అంకెలే చెబుతారు. ఆధార్ చూసి రాసేద్దామంటే అందులో చాలామంది జనవరి 1నే పుట్టి ఉంటారు! అరవై అన్న మనిషిని ఉప్పెన నాటికి బడికి వెళ్తున్నాడా, పెళ్లయిందా అని అడగాలి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983 జనవరి, గోదావరికి పెద్ద వరద వచ్చిన 1986 ఆగస్టు, పుష్కరాలు బాగా పనికొస్తాయి. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. తెలంగాణ పల్లెల్లో బాగా ముసలివాళ్లను 1948 పోలీసు యాక్షన్ నాటి సంగతి అడిగితే వయసు తేలుతుంది. ఈ సంవత్సరాలు ఒక కాగితం మీద రాసుకుని బ్యాగులో పెట్టుకోవాలి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఎండలో ఫోను తెర కనబడదు, ఛార్జింగూ ఉండదు. పుట్టిన తేదీ తెలియదని సిగ్గుపడే మనిషి ముందు నవ్వకూడదు. పద్మ నవ్వదు, చిన్నప్పటినుంచీ ఎవరినీ చిన్నబుచ్చిన పిల్ల కాదు.

ఇల్లూ వాకిలీ లేనివాళ్ల లెక్క చివర్లో వస్తుంది. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి బస్టాండ్లు, గుళ్ల దగ్గర పడుకున్నవాళ్లను లెక్కించారు. తర్వాత మార్చి 1 నుంచి 5 వరకు ఇళ్లకు మరోసారి వెళ్లి, మొదటిసారి వెళ్లిన రోజుకూ మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రికీ మధ్య పుట్టిన బిడ్డలను చేర్చి, పోయినవాళ్లను తీసేశారు. ఆ రాత్రి పన్నెండు దాటాక పుట్టిన బిడ్డను, ఇంటివాళ్లు ఎంత ముచ్చటపడి అడిగినా, చేర్చకూడదు. అది కూడా అయ్యాక వివరాలు సూపర్‌వైజరుకు అప్పగిస్తే ఎన్యూమరేటరు పని పూర్తయినట్టు.

ఇట్లు,
పెదనాన్న