సూది పొడిచి ఆడించకు

పలాస.

మేనల్లుడా,

నువ్వు పెట్టిన మెసేజి మీ అమ్మ నా చేత రెండుసార్లు చదివించింది. నువ్వు కోచ్‌గా ఉన్న కబడ్డీ జట్టుకి వరసగా మ్యాచులు పోతున్నాయనీ, ఓనర్లు మొహం తిప్పుకుంటున్నారనీ రాశావు. అది నాకు పెద్ద దిగులు కాదు. కింద చిన్న సంగతిలాగ ‘రైడర్ కుర్రాడికి మడమ వాచింది, సూది వేయించి, నొప్పి మాత్ర ఇచ్చి దింపాం’ అన్నావు చూడు, ఆ ముక్క నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఓటమి సంగతి. ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్‌నే చూడు. 2014లో విశాఖ టీంగా దిగినప్పుడు కాశీబుగ్గ టీకొట్లన్నీ టీవీల ముందే ఉండేవి. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు మూడూ అట్టడుగే. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలు పెట్టి తెచ్చినా ఆ చోటు మారలేదు. తర్వాత కృష్ణకుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. 2025లో విజయ్ మలిక్ కెప్టెన్సీలో ఫైనల్ గుమ్మం దాకా వెళ్ళారు. తిత్లీ తుపాను పడగొట్టిన తోటలో కొబ్బరి మొక్కలు పెట్టి, మీ తాత మర్నాడే కాయలడిగాడేటి? ఓనర్లకి ఆ ఓపిక లేకపోతే నీకుండాలి.

పేరు రాలేదని కుమిలిపోకు. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తిన మల్లీశ్వరి పేరు దేశమంతా తెలుసు. ఆ పిల్లని తీర్చిదిద్దిన నీలంశెట్టి అప్పన్న మాస్టారి పేరు మన జిల్లా దాటితే ఎందరికి తెలుసు? కోచ్ బతుకంతే. తిడితే ముందు నిన్ను తిడతారు, దండ మాత్రం రైడర్ మెడలో పడుతుంది.

వేళకి తింటున్నావా? గొంతు పీలగా ఉందని మీ అమ్మ అంటోంది. జీడిపప్పు పంపుతోంది, కుర్రాళ్ళకి పంచెయ్యక నువ్వూ తిను.

ఇక అసలు మాట. ఆ సూదులు, ఆ నొప్పి మాత్రలు మానిపించు. మా రోజుల్లో వజ్రపుకొత్తూరు ఇసకలో చెడుగుడు ఆడేవాళ్ళం. మా కెప్టెన్ జీడి ఫ్యాక్టరీలో గింజలు కొట్టేవాడు. జీడి నూనెకి వేళ్ళు నల్లగా మాడి, చర్మం పెచ్చులూడి, గరుగ్గా ఉండేవి. ఆ చేత్తో మడమ పట్టాడంటే గీత దాకా ఎవడూ పాకలేకపోయేవాడు. సంక్రాంతికి టెక్కలి మీద ఆడటానికి కొబ్బరికాయల లారీ ఎక్కి వెళ్ళాం. ఆట అయ్యాక కెప్టెన్ మందుల షాపులో అడిగి రెండు మాత్రలు మింగేవాడు, పొద్దున్నే మళ్ళీ పనికి. ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఇప్పుడు ఆ చేతికే డయాలసిస్ సూది గుచ్చుతున్నారు.

ఆ జబ్బు మాత్రల వల్లే వచ్చిందని నేననను. మన ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఇన్నేళ్ళయినా ఎవరూ తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టారు, హిరమండలం నుంచి నీళ్ళు తెచ్చారు, పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. కానీ ఒంట్లో నీళ్ళు తక్కువైనప్పుడు నొప్పి మాత్రలు మింగితే కిడ్నీ దెబ్బతింటుందని ఏ డాక్టరునడిగినా చెబుతాడు. మీ ఆటలో 85 కిలోల హద్దు ఒకటి. బరువు తూచేముందు కుర్రాళ్ళు నీళ్ళు మానేసి, చెమట కక్కి, నాలుక పిడచగట్టాక మ్యాట్ ఎక్కుతారట. దాని మీద మాత్ర! వేరే ఊరి కోచ్‌కి తెలియకపోవచ్చు. కవిటిలో చుట్టాలు, సోంపేటలో చుట్టాలు, ఏ ఇంటికెళ్ళినా మంచం పక్కన రిపోర్టుల సంచీ చూసి పెరిగినవాడివి, నీకు తెలియదా?

కోపంగా రాశానని బెంగపడకు నాయనా. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే ఏడవకుండా నా వేలు పట్టుకుని నడిచొచ్చిన గుంటడివి నువ్వు.

రేపట్నించి ఇలా చెయ్. బరువు చూడటానికి పది రోజుల ముందే తిండి సరిచెయ్యి, ఆఖరి రోజున నీళ్ళు మాన్పించకు. ఎవడు ఏ మాత్ర వేసుకున్నాడో పుస్తకంలో రాయించు. మడమ వాచినవాడిని కూర్చోబెట్టు. ‘డూ ఆర్ డై’ రైడ్‌కి ఇంకొకణ్ణి తయారు చేసుకోవడమే నీ పని. ఓనరు అరిస్తే, డాక్టరు కాగితం మీద సంతకం పెడితేనే దింపుతానని చెప్పు. ఉద్యోగం పోతే పోనీ. పలాస కాలేజీ గ్రౌండులో సాయంత్రం చెడుగుడు ఆడే పిల్లలకి కోచ్ లేడు, జీతం మాత్రం అడగకు.

ఆ కుర్రాడి మడమ ఎలా ఉందో ఆదివారం లోపు రాయి. ముందు అమ్మకి ఫోన్ చెయ్.

మీ పెద మావయ్య