పెద్దవారి మందుల సంచి ఒకసారి విప్పి చూడండి

మా ఓ.పి.కి వచ్చే పెద్దవారిలో చాలామంది రోజుకు ఐదారు రకాల మాత్రలు వేసుకుంటున్నవారే. బి.పి.కి ఒకటి, షుగరుకు రెండు, గుండెకు ఒకటి, మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది మరొకటి. అవసరమై వాడితే ఐదు మందులైనా తప్పులేదు. కాని ఒక డాక్టరు రాసినది ఇంకొక డాక్టరుకు తెలియనప్పుడే చిక్కు వస్తుంది.

వయసు పైబడిన కొద్దీ మూత్రపిండాలు మందును బయటికి పంపే వేగం తగ్గుతుంది. నలభై ఏళ్ళప్పుడు సరిపోయిన మోతాదు డెబ్బై ఐదేళ్ళకు ఎక్కువ కావచ్చు. గ్లైబెంక్లమైడ్ అనే షుగరు మాత్ర ఒంట్లో చాలాసేపు పనిచేస్తుంది. పెద్దవారు అది వేసుకుని ఒక పూట తినకపోతే షుగరు బాగా పడిపోవచ్చు. చెమటలు పట్టి మాట తడబడితే ఇంట్లోవారు పక్షవాతమని భయపడతారు. స్పృహ ఉండి మింగగలిగితే వెంటనే పంచదార నీళ్ళు తాగించి ఆసుపత్రికి తీసుకురండి.

మందు వల్ల కలిగిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకోవడం మేము తరచుగా చూస్తున్నాము. అమ్లోడిపిన్ అనే బి.పి. మాత్రతో కొందరికి పాదాలు వాస్తాయి. నీరు పట్టిందని నీరు పోయే మాత్ర మొదలుపెడతారు. ఇక రాత్రి నాలుగుసార్లు లేవాలి, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి, చీకట్లో జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. వాపుకు గుండె, మూత్రపిండాల జబ్బులూ కారణం కావచ్చు కనుక డాక్టరు పరీక్షించాలి. అయితే ఆ పరీక్షలో పాత మాత్రను కూడా అనుమానించాలి.

జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ మాత్రతో పెద్దవారికి మతిమరుపు, తికమక రావచ్చు, మగవారికి మూత్రం బిగుసుకుపోవచ్చు. మనమేమో చాదస్తం అని విసుక్కుంటాము! డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి బి.పి. మాత్రలతోను, నీరు పోయే మాత్రతోను కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు అయిన రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

రెండు కంపెనీల పేర్లతో ఒకే మందును రెండుసార్లు మింగుతున్నవారూ ఉన్నారు. అట్ట మీద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు పిల్లల చేత చదివించుకోండి.

ఇది చదివి మాత్రలు మీ అంతట మీరే ఆపకండి. అటెనోలాల్, స్టెరాయిడ్, ఫిట్స్ మందులు ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు రావచ్చు. ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ, ఆయుర్వేద చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. చీటీలు పోయినా ఫరవాలేదు, ఖాళీ అట్టలైనా తెండి.