విహారమూ విద్యయే

పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి నిజామాబాదు యార్డులో అమ్ముకొన్న పిదపగాని మన ఆర్మూరు రైతు దంపతులకు వేసవి తీరిక లభించదు. ఆ తీరికలో విశాఖపట్టణం చూడబోయినవారు అలలను మాత్రమే చూచి మరలరాదు. తొట్లకొండ ఎక్కవలెను. రాతిలో తొలిచిన నీటితొట్ల వలన దానికా పేరు వచ్చినది. అచ్చటి బౌద్ధారామ శిథిలాలలో రోమను వెండి నాణెములు దొరికినవి. మన తీరానికీ మధ్యధరా తీరానికీ గల ప్రాచీన వర్తక సంబంధానికి అవి సాక్ష్యము. 1933లో ప్రారంభమైన ఓడరేవు చెంత మూడు గుట్టలమీద దేవాలయం, దర్గా, చర్చి ఇరుగుపొరుగుగా ఉన్నవి.

మన ఇండ్లలో స్త్రీకి ప్రయాణమనగా పెండ్లియో, పరామర్శయో, మొక్కుబడియో. చూచుటకై చూచే హక్కు ఆమెకును కలదని మేము తలంచుచున్నాము. భర్త చూచివచ్చి చెప్పిన సముద్రం ఆమెకు కథ మాత్రమే. ఇద్దరూ కలిసి చూచిన సముద్రం పిల్లలకు పాఠమగును.