మూసిన గడి

ఈ యేడు మా విద్యార్థులచే మార్కులు నమోదు చేయు వెబ్ పుట నొకదానిని వ్రాయించితిమి. గడువు తీరిన పిమ్మట మార్కుల గడిలో నెవరును వ్రాయరాదు. కావున పుటను పంపు సర్వరునందలి పీహెచ్‌పీ ప్రోగ్రాము తేదీని చూచి, గడిని వర్ణించు పంక్తిలో “డిసేబుల్డ్” అను మాటను చేర్చును. ఈ మాట 1997 డిసెంబరులో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 4.0 తో ప్రామాణికమయ్యెను. దానిని చూచినంతనే బ్రౌసరు గడిని బూడిదవర్ణముగా మార్చి మూయును.

గడువున్న దినములలో గడి తెరచియుండుటకై ఒక బాలుడు ఆ మాటకు “ఫాల్స్” అను విలువ నిచ్చెను. గడి తెరచుకొనలేదు! మాట యున్న చాలును, విలువ యేదైనను గడి మూతపడును. తెరువవలెనన్న సర్వరు ఆ మాటనే వ్రాయకుండవలెను. మఱియు మూసిన గడిలోనిది ఫారముతో సర్వరునకు చేరదు. చేరవలెనన్న “రీడ్ఓన్లీ” అని వ్రాయుట తగును.

ఇంతటితో మార్కులు భద్రమని పిల్లలు తలచిరి. పుట బ్రౌసరునకు చేరిన పిమ్మట చూచువాని చేతిలోనిదే కదా. మేము వారి యెదుటనే డెవలపర్ టూల్స్ తెరచి, ఆ మాటను చెరిపి, 36ను 96గా దిద్ది పంపితిమి. సర్వరు మాఱు పలుకక గైకొనెను. తరగతియంతయు నవ్వెను, మాకు నవ్వు రాలేదు. నిజమైన మార్కులైనచో నేమగును? పుటను పంపునపుడు చేసిన తేదీ పరీక్షనే, ఫారము తిరిగి వచ్చినపుడును సర్వరుచేత చేయించితిమి. ఆ బాలుడే మరల 96 పంపి చూచెను. ఈమారు సర్వరు దానిని త్రోసివేసెను.