బిడ్డ చేతివేళ్ళలో పుట్టుకతో తేడా ఉంటే

కాన్పు కాగానే ఇంట్లో పెద్దలు బిడ్డ కాళ్ళూ చేతులూ చూసి వేళ్ళు లెక్కపెడతారు. ఒక వేలు ఎక్కువున్నా, రెండు వేళ్ళు అతుక్కుని ఉన్నా ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంటుంది. "గ్రహణం రోజు కూరగాయలు తరిగావా?" అని బాలింతను నిలదీసేవారూ ఉంటారు. అప్పుడే బిడ్డను కన్న తల్లికి ఆ మాట ఎంత బాధ కలిగిస్తుందో ఆలోచించండి.

ఎందుకు ఇలా జరుగుతుంది?

గర్భంలో నాలుగో వారంలో బిడ్డ చేయి చిన్న మొగ్గలా మొదలవుతుంది. దాని చివర తెడ్డులా వెడల్పవుతుంది. తర్వాత వేళ్ళ మధ్య ఉన్న కణాలు నశించి, ఎనిమిదో వారానికల్లా వేళ్ళు విడివడతాయి. ఆ కణాలు నశించకపోతే వేళ్ళు అతుక్కునే ఉంటాయి. దీనికి గ్రహణంతో గాని, కత్తిపీటతో గాని సంబంధం లేదు. కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. చాలామందిలో కారణం తెలియదు.

కొన్ని మందుల వల్ల కూడా ఇలా జరగవచ్చు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణులు వేవిళ్ళకు వాడారు. వేలమంది పిల్లలు కురచ చేతులతో, కాళ్ళతో పుట్టారు. 1961లో అక్కడ దాన్ని మార్కెట్ నుండి తీసేశారు. అందుకే గర్భిణులు డాక్టరు చెప్పనిదే ఏ మందూ వాడకూడదు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీలు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. అయితే ఆ మందును సొంతంగా మానకూడదు.

ఆరో వేలు

చిటికెన వేలి పక్కన ఉండే ఆరో వేలు కొందరిలో చర్మంతో మాత్రమే వేలాడుతుంది. దానికి దారం కట్టి రాల్చాలని చూడకండి. చీము పట్టవచ్చు, రక్తం కారవచ్చు, నొప్పి పెట్టే బుడిపె మిగిలిపోవచ్చు. బొటనవేలి పక్కన ఉండే వేలిలో ఎముక, కీలు, నరాలు కలిసి ఉండవచ్చు. అందువల్ల దాన్ని తీసేయడంతో సరిపోదు, మిగిలిన బొటనవేలిని కూడా సరిచేయాలి. ఈ ఆపరేషన్ సాధారణంగా ఏడాది వయసు ప్రాంతంలో చేస్తారు.

అతుక్కున్న వేళ్ళు

పొడవులో బాగా తేడా ఉన్న వేళ్ళు, అంటే బొటనవేలు–చూపుడు వేలు, ఉంగరం వేలు–చిటికెన వేలు అతుక్కుంటే, పెరిగే కొద్దీ పొడవు వేలు వంకర తిరుగుతుంది. వీటిని ఏడాది లోపే విడదీయడం మంచిది. మిగిలినవాటికి కొంత సమయం ఉంటుంది. విడదీసిన వేళ్ళను కప్పడానికి ఉన్న చర్మం చాలదు కాబట్టి శరీరంలో మరోచోట నుండి చర్మం తీసి అతికిస్తారు. మూడు వేళ్ళు కలిసి ఉంటే రక్త ప్రసరణ దెబ్బతినకుండా రెండు విడతలుగా చేస్తారు.

బొటనవేలు లేకపోతే

బొటనవేలు లేకపోయినా, చాలా చిన్నదిగా ఉన్నా, ముంజేయి లోపలికి వంగి ఉన్నా ఆలస్యం చేయకండి. ఇలాంటి పిల్లలలో కొందరికి గుండె, మూత్రపిండాలు, వెన్నెముక, రక్తం విషయంలో కూడా లోపాలు ఉండవచ్చు. చేతి వైద్యం కంటే ముందు ఈ పరీక్షలు ముఖ్యం. తర్వాత చూపుడు వేలినే జరిపి బొటనవేలిగా అమర్చే ఆపరేషన్ ఉంది. పట్టుకోవడం, రాయడం, అన్నం కలుపుకోవడం బిడ్డ దానితో నేర్చుకుంటుంది.

ఇంట్లో మీరు చేయవలసినవి

• పుట్టిన మొదటి వారాల్లోనే డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ తర్వాత చేయాలా, అసలు అవసరమా అనేది వారు చెబుతారు.
• చేతిని పొడుగు చొక్కా కింద దాచకండి. రెండు చేతులతో ఆడుకోనివ్వండి. పుట్టుకతో ఉన్న చేతితోనే పిల్లలు తమ దారి తాము కనుక్కుంటారు.
• వేలిని బట్టి పేరు పెట్టి పిలవకండి, పిలవనివ్వకండి.
• బడిలో ఎవరైనా అడిగితే "నేను ఇలాగే పుట్టాను" అని తడబడకుండా చెప్పడం నేర్పండి.
• తల్లిని నిందించకండి. బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆమెకు ఇంటివారి తోడు కావాలి.